బోర్డు మీద 100, కాలి కింద ఎంత? అబద్ధాలు వద్దు

కృష్ణాతీరం · ఆదివారం రాత్రి 9:40

పండక్కి ఊరెళ్ళొచ్చాను. గచ్చిబౌలి నుంచి నందిగామ, మళ్ళీ వెనక్కి. వచ్చి వారం తిరక్కుండానే ఫోన్లో రెండు చలాన్లు. ఒక్కోటి 1,035. వెయ్యి జరిమానా, 35 యూజర్ ఛార్జీలు. ఫొటోలో నా కారు, నా నంబరు, పక్క సీట్లో నోరు తెరుచుకుని నిద్రపోతున్న మా నాన్న. ఇంక కాదనడానికి ఏముంది?

చలాన్ల మీద ఏడవడానికి కాదు ఈ టపా. వెళ్ళేటప్పుడు తొందర పడ్డాను, కట్టేశాను. తిరుగు ప్రయాణంలో మాత్రం పంతం పట్టి, బోర్డు మీద ఏ అంకె ఉంటే అదే వేగంలో నడిపాను. మీటరు కాదు, ఫోన్లో జీపీఎస్ వేగం చూసుకుంటూ.

ఒక ఊరి దగ్గర 80 బోర్డు కనపడింది. 80కి దించాను. అంతే, వెనకాల లోకమంతా హారనైపోయింది. లారీవాడు కూడా పక్కకొచ్చి, కిటికీలోంచి నన్ను ఒక చూపు చూసి పోయాడు. బండి చెడిపోయిందనుకున్నాడేమో పాపం.

తర్వాత పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) ఎక్కాను. కుడివైపు రెండు లేన్లలో 120 దాకా పోవచ్చు, ఎడమ రెండింట్లో 80. రెండో లేన్లో 118 మీద క్రూయిజ్ పెట్టి, నన్ను దాటిన బళ్ళు లెక్కపెట్టడం మొదలెట్టాను. తుక్కుగూడ దాటాక విసుగొచ్చి మానేశాను. నేను దాటినవి మాత్రం గుర్తున్నాయి: లారీలు కొన్ని, గడ్డి మోపుల డీసీఎం ఒకటి, పెళ్ళివాళ్ళ తుఫాన్ ఒకటి.

ఇప్పుడు ప్రశ్న. మీరు నిజంగా ఎంతలో పోతారు? బోర్డు ఎంత, మీరెంత? గొప్పలు వద్దు, వినయాలూ వద్దు.

నల్లబెల్లం · రాత్రి 9:52

నేనెప్పుడూ లిమిట్లోనే పోతా. పదిహేనేళ్ళ నాటి చిన్న కారు. 90 దాటితే వెనక డోరు భజన మొదలెడుతుంది.

గేర్_మామ · రాత్రి 10:15

కృష్ణాతీరం జీపీఎస్ చూశాడు కాబట్టి ఒక మాట. మీటరులో 100 కనపడితే మీరు 100లో పోతున్నట్టు కాదు. స్పీడోమీటర్లను కావాలనే కాస్త ఎక్కువ చూపించేట్టు పెడతారు. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 39వది ఇదే చెబుతుంది: అసలు వేగం కంటే తక్కువ చూపించకూడదు, ఎక్కువ మాత్రం పది శాతం ప్లస్ 4 కిలోమీటర్ల దాకా చూపించొచ్చు. అంటే నిజంగా 100లో పోతుంటే మీటరు 114 చూపించినా రూలు తప్పినట్టు కాదు. మామూలుగా అంత తేడా రాదు, నాలుగైదు ఉంటుంది. టైరు అరిగిన కొద్దీ ఇంకొంచెం పెరుగుతుంది.

"మా బండి 180 కొట్టింది మామా" అని వచ్చే కుర్రాళ్ళకి నేను ముందు ఇదే చెప్తా. మొహం మాడిపోతుంది.

ఇంకోటి, బీప్. 2019 జులై నుంచి తయారైన కార్లన్నిట్లో 80 దాటితే నిమిషానికోసారి మోగుతుంది, 120 దాటితే ఆగకుండా మోగుతుంది. నా షెడ్డుకి వచ్చేవాళ్ళలో వేగం తగ్గించుకుంటా అన్నవాడు ఒక్కడు లేడు. "ఆ బీప్ తీసేయ్ మామా" అనేవాళ్ళే. నేను తియ్యను. పక్క షెడ్డువాడు తీస్తాడు.

పాలమూరోడు · రాత్రి 10:31

అన్నలూ, నేను క్యాబ్ నడుపుత. పసుపు ప్లేటు. మా బండ్లకు స్పీడ్ గవర్నర్ ఉంటది, 80 కాడ కట్టేసినట్టు ఆగుతది. ఎంత తొక్కినా పోదు. గది రూలు.

ఇగ ఎయిర్‌పోర్ట్ ట్రిప్పు. కస్టమర్ ఇంట్ల లేటుగా తయారైతడు, బండి ఎక్కినంక "అన్నా, ఫ్లైట్ మిస్ అయితది, జర తొక్కు" అంటడు. నేను మూడో లైన్ల 80 మీద పోత. ఆయన ఎనకాల ఫోన్ల మ్యాప్ చూస్కుంట ఉఫ్ ఉఫ్ అని ఊపిరి తీస్తడు. దిగినంక ఒక్క స్టార్. రూల్ పాటిస్తే ఒక్క స్టార్, పాటించకుంటే చలాను. ఏది కావాల్నో చెప్పుండ్రి.

గవర్నర్ వైరు పీకి, ఫిట్‌నెస్‌కు పోయే రోజు మళ్ల పెట్టేటోళ్లు మస్తు మంది ఉన్నరు. నేను పీకలె. నిజం చెప్పాల్నంటే, మొదటి ఏడాది పీకిన. పెండ్లయినంక పెట్టిన.

డల్లాస్_బాబాయి · రాత్రి 10:44

ఇక్కడ కథ వేరేగా ఏం లేదు. హైవే మీద 70 మైళ్ళ బోర్డు, అంటే మన 113. ట్రాఫిక్ మొత్తం 80 మైళ్ళ మీద పారుతూ ఉంటుంది. 70లో పోయేవాడే అడ్డు. "పది దాకా పోలీసు పట్టించుకోడు" అనేది ఇక్కడ అలిఖిత శాసనం. చట్టంలో మాత్రం ఎక్కడా లేదు.

టెక్సాస్‌లోనే ఆస్టిన్, శాన్ ఆంటోనియోల మధ్య స్టేట్ హైవే 130 ఉంది, 2012లో కొత్త భాగం తెరిచారు. అక్కడ లిమిట్ 85 మైళ్ళు, అమెరికాలో అంతకు మించిన బోర్డు లేదు. మన లెక్కలో 137. ఒకప్పుడు దేశమంతా 55 మైళ్ళే. 1974లో పెట్రోలు కరువప్పుడు పెట్టారు, 1995లో ఎత్తేశారు. ఆ ఇరవై ఏళ్ళూ దాన్ని పాటించినవాళ్ళు తక్కువ, తిట్టుకున్నవాళ్ళు ఎక్కువ అని మా ఆఫీసు పెద్దాయన చెప్తాడు.

కొత్తగా వచ్చే పిల్లలకి మాత్రం ఒక హెచ్చరిక. వర్జీనియాలో టెక్సాస్ లెక్కలు పనికిరావు. లిమిట్ కంటే 20 మైళ్ళు ఎక్కువపోయినా, ఎక్కడైనా సరే 85 దాటినా అది రెక్‌లెస్ డ్రైవింగ్. జరిమానా కట్టి ఊరుకునేది కాదు, క్రిమినల్ కేసు. మా రూమ్మేట్‌కి జరిగింది. లాయరు ఫీజు అయ్యాక కూడా వీసా స్టాంపింగ్‌కి వెళ్ళిన ప్రతిసారీ ఆ కోర్టు కాగితం ఫైల్లో పెట్టుకుని వెళ్తాడు.

సివిల్_సుబ్బయ్య · రాత్రి 11:20

రోడ్లు వేసే పనిలో ఉన్నాను కాబట్టి కొంచెం సుదీర్ఘంగా రాస్తాను, ఓపిక పట్టండి.

రోడ్డుకి మూడు వేగాలు ఉంటాయి. ఒకటి, వంపులు, వాలు, చూపు మేర లెక్కలేసి కాగితం మీద పెట్టుకునే డిజైన్ వేగం. రెండు, బోర్డు మీద అంకె. మూడు, జనం నిజంగా పోయే వేగం. ఈ మూడోదాన్ని కొలవడానికి మా వాళ్ళకి ఒక లెక్క ఉంది: 85వ పర్సెంటైల్. ఖాళీ రోడ్డు మీద, ఎవరూ అడ్డం లేనప్పుడు వంద బళ్ళ వేగం కొలిచి, తక్కువ నుంచి ఎక్కువకి వరుసగా పెట్టండి. 85వ బండి వేగం ఎంతో అదే. చాలా దేశాల్లో లిమిట్ పెట్టేటప్పుడు దాని దగ్గరే మొదలుపెడతారు.

బోర్డు దానికి చాలా కింద ఉందనుకోండి, జనం నమ్మడం మానేస్తారు. మన దగ్గర జరిగేది అదే. వంతెన పని నడిచేటప్పుడు కాంట్రాక్టరు "నిదానం 20" బోర్డు పెడతాడు. పని అయిపోతుంది, బిల్లు కూడా అయిపోతుంది, బోర్డు మాత్రం అక్కడే ఉంటుంది. నున్నటి నాలుగు వరసల రోడ్డు మీద 20 బోర్డు చూసి నవ్వుకుని పోయినవాడు, ఐదు కిలోమీటర్ల తర్వాత బడి ముందు నిజంగా కావలసిన 30 బోర్డునీ అలాగే చూస్తాడు.

చట్టం సంగతి. 2018 ఏప్రిల్లో కేంద్రం గరిష్ఠ వేగాలు పెంచింది. కార్లకు ఎక్స్‌ప్రెస్‌వే మీద 120, డివైడర్ ఉన్న నాలుగు లేన్ల రోడ్డు మీద 100, మునిసిపాలిటీ రోడ్ల మీద 70. దాన్ని 2021లో మద్రాసు హైకోర్టు కొట్టేసింది, ప్రమాదాలు పెరుగుతాయని. కేంద్రం అంకె ఎంతైనా రాష్ట్రాలు అంతకంటే తగ్గించుకోవచ్చు. హైదరాబాద్ సిటీలో డివైడర్ ఉంటే కార్లకు 60, లేకపోతే 50, కాలనీల్లో 30. టూవీలర్లకు, ఆటోలకు, లారీలకు డివైడర్ ఉన్నచోట 50, లేనిచోట 40.

కాలనీలో 30 అనే సంగతి ఈ చర్చలో ఎంతమందికి తెలుసో చేతులెత్తండి.

నల్లబెల్లం · రాత్రి 11:24

మా కాలనీలో 30 దాటాలంటే స్పీడ్ బ్రేకర్లు ఒప్పుకోవాలిగా. వినాయకుడి మండపం కుర్రాళ్ళు వేసినవే నాలుగున్నాయి.

సీమ_బండి · రాత్రి 11:41

ఏమప్పా, అందరూ కార్లోళ్ళేనా? మా టూవీలర్లకు 2018 రూల్లోనే 80 దాటే యోగం లేదు. ఓఆర్‌ఆర్ మీదకి మొదలే రానీరు. కర్నూలు నుంచి నలభై నాలుగో హైవే మీద వస్తా ఉంటా నేను. 80లో ఎడమవైపు పోతా ఉంటే, మీ కార్లు పక్కనుంచి పోయినప్పుడు గాలికే బండి అడుగు జరుగుతుంది. ఒక్కసారి హెల్మెట్ పెట్టుకోని నా ఎనక కూర్చోండి, అప్పుడు తెలుస్తుంది 120 అంటే ఏందో.

డ్యూటీలో_డాక్టర్ · సోమవారం ఉదయం 6:05

నైట్ షిఫ్ట్ దిగి చదువుతున్నా. సుబ్బయ్యగారి 85వ బండి లెక్కలో ఒకటి నాకు మింగుడు పడట్లేదు. లెక్కలో ఉన్నవాళ్ళందరూ కార్లలో ఉన్నవాళ్ళే. రోడ్డు దాటేవాడి ఓటు ఎక్కడ? హైవే ఊరి మధ్యనుంచి పోయేచోట డివైడర్ కాస్త విరిగి ఉంటుంది చూడండి, అక్కడ బిందె పట్టుకుని దాటే ఆవిడని ఆ వంద బళ్ళలో ఎవరూ అడగలేదు.

ఒక లెక్క చెప్తా, నాకు ఫిజిక్స్ నేర్పిన మాస్టారు చెప్పింది. రెండు కార్లు, ఒకే బ్రేకులు, ఒకటి 100లో, ఇంకోటి 120లో. ఒకే చోట బ్రేక్ మీద కాలు వేశారు. 100 కారు ఎక్కడ పూర్తిగా ఆగిపోతుందో, సరిగ్గా ఆ చోట 120 కారు ఇంకా 66 మీద ఉంటుంది. 20 కాదు, 66. శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి. ఇది కాలు వేశాక లెక్క. వేసేలోపే, ఒక్క సెకనులో 120 కారు 33 మీటర్లు పోయి ఉంటుంది. ఆ 66 నా టేబుల్ మీదకొస్తుంది.

సగటు వేగం ఒక శాతం పెరిగితే ప్రాణాలు పోయే ప్రమాదాలు సుమారు నాలుగు శాతం పెరుగుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది.

సివిల్_సుబ్బయ్య · ఉదయం 7:30

డాక్టరమ్మా, మీరన్నది నిజమే, ఒప్పుకుంటున్నాను. ఊళ్ళ మధ్యలో 85వ బండి లెక్క వాడకూడదు. అక్కడ లెక్క దాటేవాళ్ళతో మొదలవ్వాలి. కానీ ఆ ఊరి దగ్గర ఊరికే 50 బోర్డు పాతితే ఆ బిందె ఆవిడకి ఒరిగేదీ లేదు. రోడ్డు వెడల్పు అలాగే ఉంచి, చూపు కిలోమీటరు మేర తెరిచి ఉంచి, అంకె మాత్రం తగ్గిస్తే కాలు వినదు. రోడ్డు 120 అంటుంది, బోర్డు 50 అంటుంది. డ్రైవరు రోడ్డు మాటే వింటాడు. అండర్‌పాస్ వేయాలి, లేదా రోడ్డునే సన్నం చేయాలి.

గచ్చిబౌలి బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ గుర్తుందా? 2019 నవంబర్లో తెరిచారు. వంపు బాగా ఉంది, లిమిట్ 40. తెరిచిన నెలలోనే ఒక కారు అంతకు రెట్టింపు పైన వచ్చి, గోడ దాటి కింద పడింది. కింద నిలబడిన మనిషి చనిపోయింది. ఆ తర్వాత మూసేసి, అడ్డ చారలు, కెమెరాలు పెట్టి మళ్ళీ తెరిచారు. 40 బోర్డు అప్పటికే ఉంది.

కృష్ణాతీరం · ఉదయం 8:10

మరి ప్రమాదాల్లో డెబ్బై శాతం అతివేగం వల్లే అంటారు కదా, అది నమ్మొచ్చా?

డ్యూటీలో_డాక్టర్ · ఉదయం 8:22

కేంద్రం 2022 లెక్క: 4,61,312 ప్రమాదాలు, 1,68,491 మరణాలు, ప్రమాదాల్లో 72 శాతం అతివేగం ఖాతాలో. మరణాల సంఖ్యని నమ్ముతా, ఆ 72ని కాస్త అనుమానంగా చూస్తా. ఎఫ్ఐఆర్ చదివినవాళ్ళెవరికైనా తెలుసు, ప్రతిదాంట్లో "అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి" అనే ఉంటుంది. లైట్లు లేకుండా ఆగిన లారీని వెనకనుంచి గుద్దినా అదే మాట. అక్కడ నిలబడి వేగం కొలిచినవాడు లేడు కదా.

లీడ్స్_లక్ష్మి · మధ్యాహ్నం 1:15

కొలిచే దేశం నుంచి రాస్తున్నా. బ్రిటన్‌లో ప్రభుత్వమే రోడ్డులో సెన్సార్లు పెట్టి, ఖాళీ రోడ్డు మీద కార్లు ఎంతలో పోతున్నాయో ఏటా బయట పెడుతుంది. మోటార్‌వే లిమిట్ 70 మైళ్ళు. దాదాపు సగం కార్లు దాన్ని దాటే పోతాయి. ఇళ్ళ మధ్య 30 మైళ్ళ రోడ్ల మీద కూడా దాదాపు అంతే. క్రమశిక్షణకి పేరున్న దేశంలో ఇదీ సంగతి.

కానీ రోడ్డు పనులు జరిగేచోట "సగటు వేగం" కెమెరాలు పెడతారు. ఒక కెమెరా దగ్గర నంబరు చదువుతుంది, కొన్ని మైళ్ళ తర్వాత ఇంకోటి చదువుతుంది. మధ్య దూరాన్ని పట్టిన టైముతో భాగిస్తుంది, అంతే. అక్కడ చూడాలి, 50 మైళ్ళ దగ్గర అందరూ తాడు కట్టినట్టు పోతారు. ఒక్క కెమెరా అయితే దాని ముందు బ్రేక్ వేసి, దాటాక తొక్కేస్తారు. దీనికి ఆ కిటుకు లేదు.

నల్లబెల్లం · మధ్యాహ్నం 1:21

లక్ష్మిగారూ, ఈ ఐడియా మెల్లగా చెప్పండి, గోడలకి చెవులుంటాయి. మనకి టోల్‌గేట్లు ఎన్ని ఉన్నాయో తెలుసుగా.

మోడరేటర్ · మధ్యాహ్నం 2:00

లేజర్ గన్‌తో ఎక్కడెక్కడ నిలబడతారో జాబితా పెట్టిన రెండు టపాలు తీసేశాం. ఇక్కడ అవి వద్దు. చలాన్లు కట్టకుండా డిస్కౌంట్ కోసం ఆగమనే సలహాలు కూడా.

నల్లబెల్లం · మధ్యాహ్నం 2:03

డిస్కౌంట్ నేను కనిపెట్టింది కాదుగా. 2022లో కార్లకి సగం తగ్గించారు, 2023 డిసెంబర్లో 60 శాతం, టూవీలర్లకి 80. ఆషాఢం సేల్ కంటే నయం. వెంటనే కట్టిన కృష్ణాతీరం లాంటివాళ్ళే కదా నష్టపోయింది.

గేర్_మామ · మధ్యాహ్నం 2:40

తొందర గురించి ఒక లెక్క వేసి చూడండి. 60 కిలోమీటర్ల దూరం. 40 నుంచి 60కి పెంచితే అరగంట మిగులుతుంది. 100 నుంచి 120కి పెంచితే ఆరు నిమిషాలు. పైకి పోయేకొద్దీ మిగిలేది తక్కువ, కాలేది ఎక్కువ. పెట్రోలు నేను పోయను కాబట్టి ఊరుకుంటా.

ఆర్టీసీ_వారి_అమ్మాయి · సాయంత్రం 6:30

మా నాన్నగారు ఆర్టీసీ డ్రైవరు. ఇప్పుడు రిటైరయ్యారు. డిపోలో డ్రైవర్ల పేర్లు, పక్కన కేఎంపీఎల్ రాసి బోర్డు పెట్టేవారు. లీటరుకి ఎన్ని కిలోమీటర్లు వచ్చాయని. ఆ బోర్డులో పేరు పైన ఉండాలన్నదే ఆయన పరువు. వేగంగా పోతే డీజిల్ తాగుతుంది, పేరు కిందకి జారుతుంది. ఇంకా మాట్లాడితే, "ముందే పోయి స్టాండులో కూచోవాలా? టైముకి ముందు కదలనివ్వరుగా" అనేవారు.

ఇప్పుడు నా పక్కన కూర్చుంటే ఆయన కుడికాలు ఊరుకోదు. లేని బ్రేకుని తొక్కుతూనే ఉంటారు. మా కారు మ్యాట్ ఎడమవైపుదే ముందు అరిగిపోయింది.

పాలమూరోడు · సాయంత్రం 6:48

అక్కా, పెద్దాయనకు దండాలు. గా బోర్డు మా క్యాబోళ్లకు కూడా పెట్టాలె, స్టార్లు తీసేసి.

కృష్ణాతీరం · మూడు వారాల తర్వాత, ఆదివారం సాయంత్రం 5:10

ఈ చర్చ మళ్ళీ పైకి తెస్తున్నా, క్షమించండి. లక్ష్మిగారి సగటు కెమెరా నా బుర్రలో ఉండిపోయింది. తర్వాత తట్టింది, ఆ కెమెరా నా ఫోన్లోనే ఉంది. ఫాస్టాగ్ మెసేజ్. పంతంగిలో ఒకటి, కొర్లపహాడ్‌లో ఒకటి, చిల్లకల్లులో ఒకటి, టైముతో సహా.

పాతవి తవ్వాను. పండక్కి వెళ్ళినప్పటివి (చలాన్ల ప్రయాణం), నిన్న బోర్డుల ప్రకారం వెళ్ళినవి, పక్కపక్కన పెట్టాను. రెండు ప్రయాణాల్లోనూ టీ చిల్లకల్లు దాటాకే తాగాం. పంతంగి నుంచి చిల్లకల్లు దాకా, రెండు ఊర్ల దగ్గర 80కి దించడం, ఒకచోట గొర్రెల మందకి ఆగడం అన్నీ కలిపి, తేడా పదకొండు నిమిషాలు. నేను కనీసం ముప్పావుగంట అనుకున్నాను. ఒట్టు.

పదకొండు నిమిషాలకి 2,070 రూపాయలు. నిమిషానికి 188. నా జీతం కూడా అంత లేదు.

డల్లాస్_బాబాయి · సాయంత్రం 5:32

గొర్రెల మంద టైము తీసేసి లెక్క చెప్పు అబ్బాయ్.

పాలమూరోడు · సాయంత్రం 6:02

అన్నా, నేను గూడ జూసిన. గవర్నర్ పీకిన ఏడాదివి మెసేజులు లేవు, ఫోన్ మారింది. మంచిగైంది.

ఆర్టీసీ_వారి_అమ్మాయి · రాత్రి 8:45

కృష్ణాతీరంగారూ, మీ టపా మా నాన్నకి చదివి వినిపించి తప్పు చేశాను. నా ఫోను తీసుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని, పాత క్యాలెండరు కాగితం వెనక పెన్సిలుతో మొదలెట్టారు. టోలుకీ టోలుకీ మధ్య ఎన్ని కిలోమీటర్లో ఆయనకి నోటికొచ్చు. పోయిన నెల నేనొక్కదాన్నే విజయవాడ వెళ్ళినప్పటి సగటు తీశారు. 104 వచ్చింది. "సగటే 104 అంటే మధ్యలో ఎంత తొక్కావు?" అని ఒక్కటే అడిగారు. నేను కూర మాడుతోందని లోపలికి వెళ్ళిపోయాను.

ఇప్పుడు టోలు దాటిన ప్రతిసారీ మెసేజ్ ఆయనకి పంపాలట. క్యాలెండరు కాగితాన్ని ఫ్రిజ్ మీద అంటించారు. పైన నా పేరు, పక్కన సగటు. కింద ఇంకో గడి ఖాళీగా ఉంది. మా తమ్ముడు వచ్చే వారం గుంటూరు వెళ్తున్నాడు, వాడికింకా చెప్పలేదు.

నల్లబెల్లం · రాత్రి 8:51

అమ్మాయ్, నాన్నగారికి ఇక్కడ ఒక ఐడీ తీసిపెట్టు. మోడరేటర్ పోస్టు ఖాళీ చేయిస్తా.